సూర్యునియందలి పసుపు గీత
శాస్త్రజ్ఞుల సహకార చరిత్రలో ఒక ప్రకరణము

ఆంధ్ర మహాభారతము ఒక్కని రచన కాదు. 11వ శతాబ్దమున నన్నయభట్టారకుడు రాజమహేంద్రవరమున ఆరంభించి అరణ్యపర్వము నడుమ విడిచిన గ్రంథమును 13వ శతాబ్దమున తిక్కన సోమయాజి చేపట్టి, విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు రచించి తుదముట్టించెను. నడుమ మిగిలిపోయిన అరణ్యపర్వశేషమును 14వ శతాబ్దమున ఎఱ్ఱాప్రెగ్గడ పూరించెను. ఈ మువ్వురిలో ఏ ఒక్కరును మఱియొకరిని కన్నులార చూచినవారు కారు. అయినను గ్రంథమొక్కటే. ఎఱ్ఱన తాను పూరించిన భాగమును తన ప్రభువు పేర గాక, నన్నయ నడపినట్లే రాజరాజనరేంద్రుని పేరనే నడపెను. ముందువాని పనిని తన పనిగా ఎంచి, తన పనిలో ముందువాని గౌరవమును నిలిపిన ఆ ఔదార్యము వలననే తెలుగువారికి సమగ్రమైన భారతము దక్కినది.

ప్రకృతిశాస్త్రముల చరిత్రయు ఇట్టిదే. మహామేధావి యొకడు ఏకాంతమున కూర్చుండి యోచింపగా సత్యము మెఱుపువలె తోచునని జనులు తలంతురు. మేధ లేక శాస్త్రము లేదన్న మాట నిజమే. కాని ఒకడు కొలిచినదానిని మఱియొకడు సరిచూచి, ఒకనికి కలిగిన సందేహమును వేఱొకడు తీర్చి, ఒక దేశమున దొరకిన వస్తువును ఇంకొక దేశమునకు పంపి, ఇట్లు పదిమంది చేతులు కలిసినప్పుడే ఆ మెఱుపు దీపమై నిలుచును. అట్లు చేతులు కలియనిచోట ఎంతటి ప్రజ్ఞయైనను అరణ్యపర్వమువలె సగములో ఆగిపోవును. దీనికి నిదర్శనముగా ఒక్క కథ చాలును. ఆ కథలో తొలి ఘట్టములలో నొకటి జరిగినది గుంటూరులో. ఆ కథానాయకుని పేరు హీలియము.

*

కథకు పూర్వరంగము జర్మనీ దేశమున జరిగెను. బాల్యముననే తల్లిదండ్రులను కోల్పోయి, అద్దముల పనివాని కడ శిష్యుడుగా చేరిన ఫ్రౌన్‌హోఫర్ అనునతడు మేలైన గాజు చేయుటలో అసమానుడాయెను. తన గాజు నాణ్యమును పరీక్షించుటకై అతడు 1814 ప్రాంతమున సూర్యకాంతిని పట్టకము గుండ పంపి చూడగా, ఇంద్రధనుస్సువంటి రంగుల పట్టీపై అడ్డముగా నల్లని గీతలు కానవచ్చెను. అతడు వానిని అయిదువందలకు పైగా లెక్కించి, స్థానములు గుర్తించి, ముఖ్యమైనవానికి ఏ, బీ, సీ, డీ అని అక్షరముల పేర్లు పెట్టెను. అవి యేల కలుగుచున్నవో అతనికి తెలియదు. తెలియకున్నను కొలతలను దాచుకొనక ప్రకటించెను. తరువాతివారికి ఆ పట్టికయే ఆధారమాయెను.

నలువదియైదేండ్ల పిదప హైడెల్‌బర్గు నగరమున బున్సెన్ అను రసాయనశాస్త్రజ్ఞుడును, కిర్‌హాఫ్ అను భౌతికశాస్త్రజ్ఞుడును స్నేహితులై యుండిరి. బున్సెన్ లవణములను మంటలో నుంచి, ఆ మంట రంగును రంగుటద్దముల గుండ చూచి, అందున్న పదార్థమును గుర్తింప యత్నించుచుండెను. అద్దములకు బదులు పట్టకము వాడుమని కిర్‌హాఫ్ సలహా చెప్పెను. రసాయనము తెలిసినవానికి కాంతి తెలిసినవాడు చెప్పిన ఆ ఒక్క మాటతో 1859లో వర్ణపటశాస్త్రము పుట్టెను. ప్రతి మూలపదార్థమునకును తన గీతలు తనకే యుండును. మనుష్యుని వ్రేలిముద్రవలె ఒకదాని గీతలు వేఱొకదానికి రావు. ఉప్పులోని సోడియము మంటలో వేసినప్పుడు పుట్టెడి పసుపు గీతల జంట, సూర్యునిలో ఫ్రౌన్‌హోఫర్ గుర్తించిన డీ గీతల స్థానముననే సరిగా నిలిచెను. భూమిమీద కూర్చుండి సూర్యునియందు ఏయే పదార్థములున్నవో చెప్పగల విద్య అప్పటికి మానవునకు అలవడెను.

*

విభవనామ సంవత్సర శ్రావణ బహుళామావాస్య, మంగళవారము, అనగా 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. చంద్రుని నీడ ఏడెను మొదలు హిందూదేశమును పడమటినుండి తూర్పునకు దాటి, బందరు తీరమున సముద్రమున దిగి, సయాము దేశము మీదుగా సాగిపోయెను. గుంటూరున సంపూర్ణగ్రహణము అయిదు నిమిషములకు పైగా నిలిచెను. సూర్యబింబము కప్పబడినప్పుడు దాని అంచున ఎఱ్ఱని జ్వాలలు కనబడునని పూర్వమే తెలియును. అవి యేమిటో, ఘనములో వాయువులో తెలియదు. వర్ణపటదర్శినితో వానిని పరీక్షించుటకు అదియే తొలి యవకాశము.

అయిదు నిమిషములలో ఒక్కడు ఎన్ని పనులు చేయగలడు? పైగా అది వర్షర్తువు. ఒక మబ్బు అడ్డువచ్చినచో ఏండ్ల ప్రయత్నము వ్యర్థమగును. అందుచేత ఆ యేడు పలుదేశముల విద్వాంసులు నీడ నడచు దారి పొడవున ఊరూర కూర్చుండిరి. జర్మనీవారు ఏడెనునందును బిజాపురము ప్రాంతమునందును దిగిరి. లండనులోని రాయల్ సొసైటీ పక్షమున హెర్షెల్ వంశీయుడగు జాన్ హెర్షెల్ జంఖండిలో నిలిచెను. గుంటూరునకు ఇంగ్లీషు వారి పక్షమున మేజర్ టెనెంటు వచ్చెను. ఫ్రాన్సునుండి జాన్సెన్ అను నతడు వచ్చి గుంటూరునందే ఒక ఫ్రెంచి వర్తకుని యింట తన పరికరములు నిలిపెను. మద్రాసు నక్షత్రశాలాధిపతి పాగ్సన్ బందరున విడిసెను. అదే నక్షత్రశాలలో చిన్న యుద్యోగమున చేరి స్వయంకృషిచే ప్రథమ సహాయకుడైన చింతామణి రఘునాథాచారి నైజాము రాజ్యములోని వనపర్తికి వెళ్లి పరిశీలించెను.

ఈ రఘునాథాచారిని గూర్చి రెండు మాటలు చెప్పక విడువరాదు. అతడు 1867లో ఒక క్రొత్త చరతారను కనుగొనెను. 1872లో ఇంగ్లండులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యుడాయెను. ఆ గౌరవము పొందిన భారతీయులలో అతడే ప్రథముడు. కంటికి కనబడు గ్రహగతితో సరిపోవునట్లు దృగ్గణిత పంచాంగమును ప్రకటించెను. 1874లో శుక్రుడు సూర్యబింబము మీదుగా సాగుట సంభవింపగా, ఆ వింతను జనసామాన్యమునకు తెలియజెప్పు పుస్తకమును దేశభాషలలోనికి తెచ్చెను. తాను తెలిసికొన్నదానిని తన భాషవారికి చెప్పవలెనను తపన గల ఇట్టివారు లేనిచో శాస్త్రము నాలుగు గోడల నడుమనే నిలిచిపోవును.

సయాము దేశపు రాజు మోంగ్‌కుట్ స్వయముగా గణితజ్ఞుడు. గ్రహణము తన దేశమున ఎచ్చట, ఎప్పుడు పట్టునో తానే గుణించి, విదేశీయులను ఆహ్వానించి, అడవిలో విడిది కట్టించి చూపెను. లెక్క సరిపోయెను. కాని అచ్చట సోకిన చలిజ్వరముచేత ఆ రాజు అక్టోబరు 1వ తేదీన మరణించెను. శాస్త్రమునకు చెల్లించిన మూల్యములలో అదియు నొకటి.

గ్రహణ ఫలితము ఇది. గుంటూరున, జంఖండిన, బందరున, సయామున చూచినవారందఱును ఒక్క మాట చెప్పిరి. ఎఱ్ఱని జ్వాలలనుండి ప్రకాశవంతమైన విడివిడి గీతలు వచ్చుచున్నవి. కనుక అవి మండుచున్న వాయువులే. వానిలో ముఖ్యమైనది ఉదజని. ఒక్కడు చెప్పినచో కంటి పొరపాటనవచ్చును. వేలమైళ్ల దూరమున, ఒకరి మాట ఒకరు వినక చూచిన పలువురు ఒక్కటే చెప్పినప్పుడు అది సాక్ష్యమగును. ఊరి తగవులో ఇద్దఱు సాక్షుల మాట కలిసినంతనే పెద్దలు తీర్పు చెప్పుదురు. ప్రకృతి తగవులోను అంతే.

ఆ గీతలలో పసుపుపచ్చనిది యొకటి యుండెను. చూచినవారు దానిని సోడియపు డీ గీతగానే ఎంచిరి. బందరున పాగ్సన్ మాత్రము అది డీ కడనో, దాని దాపుననో ఉన్నదని వ్రాసెను. ఆ ‘దాపుననో’ అను పదములో ఒక మహావిషయము దాగియుండెను. అయితే పాగ్సన్ నివేదిక మద్రాసున ప్రభుత్వ పత్రముగా అచ్చుపడినదే కాని విద్వత్పత్రికల కెక్కలేదు. చదివినవారు తక్కువ. ఆ సందేహము ఆ కాగితములలోనే నిద్రించెను.

*

ఆనాడు గ్రహణము విడుచుచుండగా గుంటూరున జాన్సెనునకు ఒక యూహ తట్టెను. గీతలు ఇంత ప్రకాశముగా నున్నప్పుడు గ్రహణము లేకున్నను వానిని పట్టవచ్చును గదా! మఱునాడు ఉదయమున పరికరమును సూర్యుని అంచునకు త్రిప్పగా గీతలు కనబడెను. అంతవఱకు ఏండ్లకొక పర్యాయము నిమిషముల లెక్కన మాత్రమే దొరకెడి దృశ్యము ప్రతిదినమును చూడదగినదాయెను. పదునేడు దినములు అతడు గుంటూరులోనే సూర్యజ్వాలలను పరిశీలించెను. పిమ్మట కాకినాడనుండి సెప్టెంబరు 19వ తేదీతో పారిస్ విద్యాపరిషత్తునకు ఉత్తరము వ్రాసెను.

ఆ ఉత్తరము ఓడలపై సాగుచుండగానే లండనులో మఱియొకడు అదే పని చేసెను. అతడు ఆచార్యుడు కాడు, యుద్ధశాఖ కార్యాలయములో గుమాస్తా. పేరు నార్మన్ లాకియరు. పగలు కచేరీలో దస్త్రములు వ్రాసి, మిగిలిన వేళల ఆకాశమును చూచువాడు. గ్రహణము లేకయే జ్వాలలను చూడవచ్చునని అతడు 1866లోనే తలపోసెను. తగిన పరికరమునకు సర్కారు ధనసహాయము లభించినను, పనివారి చేతిలో అది ఆలస్యమై 1868 అక్టోబరునకు గాని అందలేదు. అందిన కొలది దినములకే, అక్టోబరు 20వ తేదీన, అతడును గీతలను చూచెను.

జాన్సెను ఉత్తరమును, లాకియరు వార్తయు పారిస్ విద్యాపరిషత్తున ఒకే సమావేశమున, అక్టోబరు 26వ తేదీన, కొలది నిమిషముల వ్యవధిలో చదువబడెను. ముందెవరు, వెనుకెవరు అని తగవునకు దిగుటకు అంతకంటె తగిన తరుణము లేదు. ఇరుదేశములకును పాతవైరము కలదు. కాని ఆ సభయందలి పెద్దలు కీర్తిని ఇరువురకును సమముగా పంచుటయే న్యాయమనిరి. 1872లో ఫ్రెంచి ప్రభుత్వము ఒక పతకము పోయించి, దానిపై ఇరువురి ముఖములను ప్రక్కప్రక్కనే చెక్కించెను. జాన్సెను, లాకియరు జీవితాంతము మిత్రులుగా నుండిరి.

ఇచ్చట ఒక విషయమును నిష్కర్షగా చెప్పవలసియున్నది. హీలియమును జాన్సెను గుంటూరున కనుగొనెనని పెక్కు పుస్తకములలో వ్రాయబడియున్నది. ఆంధ్రులకు అది వినుటకింపైన మాట. కాని చరిత్రకు ఇంపుకంటె నిజము ముఖ్యము. జాన్సెను గుంటూరున కనుగొన్నది గ్రహణము లేకుండ జ్వాలలను చూచు పద్ధతి. పసుపు గీత క్రొత్త పదార్థమునకు చెందినదని అతడు చెప్పలేదు. ఆ గీత సోడియపు జంటగీతలకు కొంచెము దూరమున వేఱుగా నున్నదని నిశ్చయముగా కొలిచి, దానికి ‘డీ-3’ అని పేరిడినవాడు లాకియరు. సోడియపు గీతల తరంగదైర్ఘ్యములు మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు కొలతను 589.0, 589.6. క్రొత్త గీతది 587.6. కథలో గుంటూరునకు ఉన్న స్థానము ఉన్నదే, దానిని పెంచి చెప్పనక్కఱలేదు. పెంచి చెప్పినచో బందరున పాగ్సను, వనపర్తిన రఘునాథాచారి, లండనున లాకియరు, ఇందఱి పాలును ఒక్కని ఖాతాలో జమకట్టినట్లగును.

*

లాకియరునకు రసాయనము అంతగా తెలియదు. అతడు ఫ్రాంక్లండు అను రసాయనవేత్తను తోడు తెచ్చుకొనెను. ఆ గీత ఉదజనియే వేఱు ఒత్తిడులలో పుట్టించునదేమో అని ఇరువురును ప్రయోగశాలలో పరీక్షించిరి. ఎంత చేసినను ఉదజని ఆ గీతను ఈయలేదు. భూమిపై తెలిసిన ఏ వస్తువును ఈయలేదు. కనుక అది సూర్యునియందు మాత్రమే యున్న మూలపదార్థమనుకొని, గ్రీకు భాషలో సూర్యునకు పేరగు ‘హీలియోస్’ నుండి హీలియమని పిలిచిరి. 1871లో ఎడింబరో సభలో విలియం థామ్సన్ ఆ పేరును లోకమునకు చాటెను. పెక్కుమంది నమ్మలేదు. చేతికి దొరకని వస్తువును గీతను చూచి ఎట్లు నమ్ముదురు? ఆ అపనమ్మకము ఇరువది నాలుగేండ్లు సాగెను. ఈ లోపల లాకియరు 1869లో ‘నేచర్’ అను వారపత్రికను స్థాపించెను. ఒకరి ఫలితము ఒకరికి వారము వారము తెలియుటకు అది వాహకమాయెను. కథ మలుపు తిరుగుటకు ఆ పత్రికయే కారణము కాగలదని అప్పుడెవ్వరికిని తెలియదు.

లార్డు రేలీ అను భౌతికవేత్త నత్రజనిని తూచుచుండెను. గాలినుండి తీసిన నత్రజనియు, రసాయనములనుండి పుట్టించిన నత్రజనియు ఒక్కటే బరువు తూగవలెను. ఒకే బుడ్డిలో మొదటిది 2.3102 గ్రాములు, రెండవది 2.2990 గ్రాములు తూగెను. తేడా రెండువందలలో ఒక వంతు. చాలమంది తక్కెడ పొరపాటని త్రోసివేయుదురు. లెక్క తేలనప్పుడు చిన్న తేడానే పెద్ద తప్పునకు గుర్తుగా ఎంచు మంచి లెక్కరివలె రేలీ దానిని విడువలేదు. తనకు కారణము తెలియకపోగా 1892లో ‘నేచర్’ పత్రికకు జాబు వ్రాసి, ఈ తేడా ఏలనో రసాయనవేత్తలెవరైన చెప్పగలరా అని బాహాటముగా అడిగెను. పేరుప్రతిష్ఠలు గల విద్వాంసుడు ‘నాకు తెలియలేదు’ అని పదుగురిలో చెప్పుటకు ధైర్యము కావలెను. ఆ ధైర్యమే ఫలించెను. లండను విశ్వవిద్యాలయ కళాశాలలోని రామ్సే అతనితో కలిసెను. ఇరువురును 1894లో గాలియందు అంతవఱకెవరును ఎఱుగని ‘ఆర్గాన్’ వాయువును కనుగొనిరి. 1785లోనే కావెండిష్ అను నతడు గాలిలోని నత్రజనినంతయు తీసివేయగా, నూటయిరువదవ వంతునకు మించని చిన్న బుడగ మిగిలినదని వ్రాసియుంచెను. నూఱేండ్లకు పైగా ఆ పద్దు పరిష్కారము కాక అట్లే నిలిచియుండెను.

ఆర్గాన్ వార్త చదివి బ్రిటిష్ మ్యూజియములోని ఖనిజవేత్త మైయర్స్ 1895 ఫిబ్రవరిలో రామ్సేకు ఒక జాబు వ్రాసెను. అమెరికాలో హిలెబ్రాండు అను నతడు యురేనియపు ఖనిజమును ఆమ్లములో కాచగా ఏదో నిస్తేజ వాయువు వెడలినదనియు, అతడు దానిని నత్రజని అనుకొనెననియు, అందు ఆర్గాన్ ఉండవచ్చునేమో చూడుమనియు ఆ జాబు సారాంశము. రామ్సే క్లీవైటు అను ఆ జాతి ఖనిజమును అంగడిలో కొని ఆమ్లములో కాచెను. వచ్చిన వాయువును వర్ణపటదర్శినిలో చూడగా ఆర్గాన్ బదులు ప్రకాశమానమైన పసుపు గీత కనబడెను. అది సోడియపుది కాదు. రామ్సే దానిని తన గూటిలో దాచుకొనక, కొలతలో తనకంటె నిపుణుడగు క్రూక్సునకును, ఆ గీతకు పేరిడిన లాకియరునకును గాజుగొట్టములలో పంపెను. అది సూర్యునియందలి డీ-3 గీతయే అని మార్చి నెలలో క్రూక్సు తంతివార్త నిచ్చెను. ఇరువదియేడేండ్ల క్రిందట గుమాస్తా లాకియరు సూర్యునిలో చూచిన గీత లండనులో గాజుగొట్టమున వెలిగెను.

అంతటితో తీరలేదు. స్వీడనులో క్లీవ్, లాంగ్లెట్ అనువారు వేఱుగా అదే వాయువును తీసి దాని పరమాణుభారమును కొలిచిరి. జర్మనీలో రుంగె, పాషెన్ అనువారు ఈ పసుపు గీత నిజమునకు ఒక్కటి కాదు, అతిసమీపమున నున్న రెండని చూపిరి. మఱి సూర్యునిలోనిది ఒక్కటే గదా, అట్లయిన ఇది హీలియము కాదేమో అను శంక పుట్టెను. అప్పుడు ఇంగ్లండులో హగిన్సు, అమెరికాలో హేలు మఱింత శ్రద్ధతో సూర్యుని చూడగా అక్కడి గీతయు రెండుగానే తేలెను. ఎదుటివాడు లేవనెత్తిన శంకను వైరముగా గాక ఉపకారముగా గ్రహించుట యనగా ఇదియే. చేతికి వచ్చిన వాయువును నత్రజని అనుకొని జాఱవిడిచిన హిలెబ్రాండు సైతము, క్రొత్త గీతలు తనకును కనబడినవనియు, తాను పట్టించుకొనలేదనియు నిష్కపటముగా రామ్సేకు వ్రాసెను.

*

సహకారము లేనిచో ఏమగునో చూపు ఘట్టమును ఈ కథలో కలదు. హీలియమును ద్రవముగా మార్చుటకు ఆ కాలమున లోకమంతయు పోటీపడుచుండెను. 1898లో ఉదజనిని ద్రవముగా చేసిన డ్యూవరు లండనులోనే యుండెను. చల్లార్చుటలో అతనికి సాటి లేదు. హీలియమును శుద్ధిచేయుటలో సాటి లేని రామ్సేయు అదే నగరమున కొలది దూరములో నుండెను. ఇరువురకు మాటలు లేవు. డ్యూవరునకు దొరకిన హీలియములో కలిసియున్న ఇతర వాయువులు గడ్డకట్టి గొట్టములను మూసివేయుచుండెను. హాలండులోని లైడెను నగరమున కామర్లింగ్ ఒన్నెస్ త్రోవ వేఱు. అతడు పరికరములు చేయు పనివారికై ఒక పాఠశాలనే పెట్టెను. వర్తకశాఖలో నుండిన సోదరుని సాయమున అమెరికానుండి మోనజైటు ఇసుకను తెప్పించి, దానినుండి హీలియమును తీయించెను. యంత్రగాండ్రు, గాజుపనివారు, శిష్యులు అందఱును ఒక్క కుటుంబమువలె పనిచేయగా 1908 జూలై 10వ తేదీన సున్నకు దిగువ 269 డిగ్రీల చలిలో హీలియము ద్రవమాయెను. మూడేండ్లకు, 1911లో, ఆ చలిలో పాదరసము విద్యుత్తునకు ఏమాత్రమును అడ్డుచెప్పదని అచ్చటనే తెలియవచ్చెను. నేడు ఆసుపత్రులలో ఎం.ఆర్.ఐ. యంత్రముల అయస్కాంతములను ద్రవ హీలియముతో చల్లార్చుచున్నారు. ఒకే ఊరిలోని ఇద్దఱు దిట్టలు మాటలాడుకొనకపోవుటచే లండను కోల్పోయిన కీర్తి లైడెనుకు దక్కెను.

అదే యేట మాంచెస్టరులో రుథర్‌ఫర్డ్ మఱియొక రహస్యమును ఛేదించెను. రేడియమునుండి వెలువడు ఆల్ఫా కణములు హీలియపు పరమాణువులే అని అతడును రాయిడ్సు అను శిష్యుడును నిరూపించిరి. అందుకు కాగితముకంటెను పలుచనైన గోడ గల గాజుగొట్టము కావలెను. దానిని ఊదియిచ్చినవాడు బౌంబాఖ్ అను గాజుపనివాడు. ఆ కాలమున రుథర్‌ఫర్డ్ పరిశోధనలకు వలసిన రేడియమును ఆస్ట్రియా దేశపు వియన్నా విద్యాపరిషత్తు ఎరువుగా ఇచ్చెను. 1914లో యుద్ధము వచ్చెను. ఆస్ట్రియా శత్రుదేశమాయెను. శత్రువుల సొత్తు కనుక రేడియమును జప్తు చేయవచ్చునను మాట వచ్చెను. రుథర్‌ఫర్డ్ ఒప్పుకొనలేదు. ఎరువు తెచ్చినది తిరిగి ఈయవలెను, లేదా వెల చెల్లించవలెను అని పట్టుబట్టెను. యుద్ధానంతరమున వియన్నాలో ధనము విలువ పడిపోయి అచ్చటి రేడియము పరిశోధనాలయము కూలిపోవు స్థితిలో నుండగా, అతడు ధనము కూర్చి 1921లో వెల పంపుట మొదలిడెను. దానితో ఆ సంస్థ నిలద్రొక్కుకొనెను. రాజ్యములు పోరాడుకొన్నను విద్యకు చేసిన బాకీ బాకీయే అని ఆయన చూపెను.

*

సూర్యునియందలి పసుపు గీత కథ మరల సూర్యునికడకే చేరినది. ఏ నక్షత్రములో ఏ గీతలు ఏల కనబడునో, ఏల కనబడవో చెప్పు సిద్ధాంతమును 1920లో కలకత్తానుండి మేఘనాథ్ సాహా ప్రకటించెను. తూర్పుబెంగాలులో పేదకుటుంబమున పుట్టిన సాహా, సత్యేంద్రనాథ బోసుతో కూడి ఐన్‌స్టీను వ్యాసములను జర్మనునుండి ఇంగ్లీషునకు అనువదించినవాడు. పరభాషలోని విద్యను తనవారికి అందించుటయు సహకారమే. హార్వర్డులో ఆనీ కానన్ మొదలైన స్త్రీలు ఏండ్ల తరబడి నక్షత్ర వర్ణపటములను వర్గీకరించియుంచిరి. ఆ భాండారమునకు సాహా సూత్రమును అన్వయించి, నక్షత్రములలో ఉదజని, హీలియములే అత్యధికమని 1925లో సిసిలియా పేన్ అను యువతి లెక్కగట్టెను. అది అసంభవమని రస్సెల్ అను పెద్ద చెప్పగా, ఆమె తన గ్రంథములో ఆ ఫలితము నిజము కాకపోవచ్చునని వ్రాయవలసివచ్చెను. నాలుగేండ్లకు రస్సెల్ వేఱు త్రోవన లెక్కించి, ఆమె చెప్పినదే సత్యమని అంగీకరించెను. సహకారమున్నచోట పెద్దఱికపు బరువును ఉండును. చిన్నవారి మాటను తూచకయే త్రోసివేయు పెద్దఱికము శాస్త్రమును వెనుకకు లాగును. అయితే తప్పు తెలిసినప్పుడు అచ్చులో ఒప్పుకొను మర్యాద ఉన్నంతవఱకు ఆ నష్టము శాశ్వతము కాదు.

1938, 1939 సంవత్సరములలో హాన్స్ బేథే మొదలైనవారు సూర్యుడు ఉదజనిని హీలియముగా మార్చుచు వెలుగుచున్నాడని వివరించిరి. గుంటూరున, బందరున పసుపు గీతగా కనబడినది సూర్యుని జీవనరహస్యమునకే గుర్తని అప్పటికి తేలెను.

ఈ కథలో ఎందఱున్నారు! గాజుపనివాడు, కచేరీ గుమాస్తా, రాజు, ఆచార్యుడు, ఖనిజముల భద్రపఱచు ఉద్యోగి, మద్రాసు నక్షత్రశాల సహాయకుడు, పట్టికలు వ్రాసిన స్త్రీలు. ఏ ఒక్కరిని తీసివేసినను కథ అక్కడ తెగును. వారందఱును ఒక సంఘముగా ఏర్పడినవారు కారు. కొందఱు కొందఱిని చూడనే లేదు. వారిని కలిపినవి ఉత్తరములు, పత్రికలు, గ్రంథములు. కొలిచినదానిని ఉన్నది ఉన్నట్లు వ్రాయుట, తెలియనిదానిని తెలియదని చెప్పుట, పరీక్షకు ఒప్పుకొనుట, ఎరువు తెచ్చినదానిని తీర్చుట, కీర్తిని పంచుకొనుట, ఈ అయిదును ఆ సహకారమునకు ధర్మములు. ఇవి గొప్ప విద్వాంసులకు మాత్రమే సాధ్యమైనవి కావు.

పాగ్సన్ సందేహము చదువువారు లేక కాగితములలో నిద్రించెను. హిలెబ్రాండు వాయువు చదివినవాడొకడు ఉండుటచే మేల్కొనెను. ఈ రెంటికిని గల వ్యత్యాసము ఒక్కటే. ఒకటి చదువరి చేతికి చేరినది, రెండవది చేరలేదు. ఒక పల్లెలో ఇరువదియైదేండ్లు బీరువాలు తెఱచియుంచి, పుస్తకమును ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి అందించు గ్రంథాలయము చేయు పని అట్టిదే. నేడు ఎవరో తిరిగి యిచ్చిన పుస్తకమును రేపు ఏ బాలుడో, బాలికయో తెఱచును. నన్నయ విడిచిన చోటు ఎఱ్ఱనకు కనబడినట్లు, ఆ పుటలలో ఎవరో విడిచిన సందేహము వారికి కనబడవచ్చును.